అధికారిక దూరం

నాగులకుంటకూ బొమ్మరాజుపల్లెకూ మధ్య దూరం ఎంతని ఒకప్పుడు ఆ రోడ్డు మీద గొర్రెలు తోలుకునేవాణ్ణి అడిగినా యాభై కిలోమీటర్లని ఠక్కున చెప్పేవాడు. ఇప్పుడు అడిగితే వాడు గొర్రెల్ని ఆపి, కర్ర మీద గడ్డం ఆనించి, "మనుషులకా సామీ, సర్కారుకా?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. వాడి తప్పేమీ లేదు. చదువుకున్నవాళ్ళు పదిమంది కూర్చుని చేసిన పని అది.

రెండూ చెప్పుకోదగ్గ ఊళ్ళేం కావు. ఒకదానికి చెనిక్కాయల మార్కెట్టు ఉంది, రెండోదానికి నాపరాళ్ళ గనులున్నాయి. అయినా రెండింటికీ చెరో విమానాశ్రయం ఉంది. విమానాశ్రయం మాకే కావాలని ఈ ఊరి నాయకుడు నిరాహారదీక్షకు కూర్చుంటే, మాకే కావాలని ఆ ఊరి నాయకుడు రోడ్డు మీద వంటావార్పూ పెట్టించాడు. ఒకాయన తినకుండా, ఇంకొకాయన తింటూ ఉద్యమం నడిపారు. పెద్దలు ఎవరి మనసూ నొప్పించకుండా ఇద్దరికీ చెరొకటి మంజూరు చేశారు. తీరా కట్టడం పూర్తయ్యాక వేరే శాఖ కిందున్న పెద్ద నగరాల విమానాశ్రయాల్లో చోటు లేదని తేలింది. ఇక నాగులకుంటలో లేచిన విమానం దిగాలంటే బొమ్మరాజుపల్లెలోనే దిగాలి, అక్కడ లేచింది ఇక్కడే దిగాలి. వేరే సంబంధాలు దొరకని వియ్యంకుల్లాగా ఒకరికొకరే దిక్కయ్యారు.

నాగులకుంట విమానాశ్రయానికి మేనేజరు ఓబుళేసు. నెమ్మదైన మనిషి. పైనుంచి వచ్చిన కాగితాన్ని సంతకం పెట్టకుండా తిప్పి పంపిన పాపం సర్వీసులో ఏనాడూ మూటగట్టుకోలేదు. ఆయన భార్య మల్లీశ్వరి బొమ్మరాజుపల్లె హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో పదేళ్ళు చెరో జిల్లాలో ఉద్యోగాలు వెలగబెట్టి, పండగలకూ పెళ్ళిళ్ళకూ చుట్టాల్లాగా కలుసుకుని, రెండేళ్ళ కిందటే ఒక కప్పు కిందికి చేరారు. ఉద్యోగి తన ఆఫీసుకు అరవై కిలోమీటర్ల లోపల ఎక్కడైనా కాపురం పెట్టుకోవచ్చని రూలు. యాభై అంటే అరవై లోపే కదా. రోజూ సాయంత్రం ఓబుళేసు ఆఫీసుకు తాళం వేసి బస్సెక్కి, గంటా పావులో బొమ్మరాజుపల్లె ఇల్లు చేరి, వేడివేడి సంగటిలోకి చెనిక్కాయల పచ్చడి వేయించుకుని, ఎదురుగా భార్య కూర్చుని పిల్లల లెక్కల తప్పులు చెప్పి తిడుతుంటే వింటూ తినేవాడు. ఆ పూట కోసమే ఆయన బతుకుతున్నాడని చెప్పినా అబద్ధం కాదు. ప్రమోషన్ వద్దని రెండుసార్లు రాసిచ్చాడు కూడా.

అట్లాంటి రోజుల్లో రాజధాని నుంచి కమిషనర్ సత్యప్రసాద్ గారు దిగారు.

"ఓబుళేసు గారూ, ఈ రెండు విమానాశ్రయాల నడుమ గల దూరము చిన్న ఊళ్ళ విమానయాన పథకం యొక్క స్ఫూర్తికి విరుద్ధంగా ఉన్నది" అన్నారాయన, కొబ్బరి నీళ్ళు పక్కన పెట్టి. "పథకం వర్తించి నిధులు రావాలంటే కనీసం నూటయాభై కిలోమీటర్లు ఉండవలెను. మీది యాభై. ఇంత తక్కువ ఎందుకున్నట్టు?"

"ఆ ఊర్లు శానా కాలంగా ఆడ్నే ఉండాయి సార్" అన్నాడు ఓబుళేసు, తానే తప్పు చేసినట్టు చేతులు కట్టుకుని.

"అది గత పాలకుల అలసత్వం. దాన్ని మనం కొనసాగించనవసరం లేదు." కమిషనర్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "చూడండి, భౌతిక దూరము వేరు, అధికారిక దూరము వేరు. భౌతిక దూరాన్ని ప్రకృతి నిర్ణయించింది. ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు మన శాఖను సంప్రదించలేదు. కాబట్టి అది మనల్ని కట్టడి చేయజాలదు. అధికారిక దూరాన్ని మనం నిర్ణయిస్తాం. క్షేత్రస్థాయిలో మీరు ధ్రువీకరిస్తారు."

ధ్రువీకరించకపోతే ఏమవుతుందని ఓబుళేసు అడగలేదు గానీ, అడగని దానికీ జవాబిచ్చే మంచితనం కమిషనర్ గారిది. విమానాశ్రయం మూతపడుతుంది, సిబ్బందిని రాజధానిలోని ప్రధాన కార్యాలయానికి సర్దుతారు. రాజధాని అంటే ఒక రాత్రి, ఒక పగలు ప్రయాణం. ఓబుళేసుకు సంగటి ముద్ద కళ్ళ ముందు మెదిలింది. సంతకం పెట్టేశాడు. అట్లా నాగులకుంటకూ బొమ్మరాజుపల్లెకూ మధ్య దూరం ఆ మధ్యాహ్నం నుంచి నూటయాభై కిలోమీటర్లయింది.

ఆ సాయంత్రం ఇంటికి పోయి భయం భయంగా సంగతి చెప్పాడు. మల్లీశ్వరి అన్నం గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది.

"యాభై కదా?"

"నూటయాభై."

"యాభై" అంది ఆమె మళ్ళీ. లెక్క తప్పితే కన్నతండ్రినైనా ఊరుకోని మనిషి. "సరే, మిగతా నూరు కిలోమీటర్లు యాడ పెట్టినారు?"

"ఫైల్లో."

"ఆడ్నే ఉంటే ఏం బాధ లేదు. రోడ్డు మీదికి రాకుండా మాత్రం చూసుకోండి" అని పచ్చడి వేసింది.

ఫైల్లో ఉన్నది ఫైల్లోనే ఉంటే అది ప్రభుత్వం ఎందుకవుతుంది? మొదటి విమానం లేచిన రోజునే ఆ నూరు కిలోమీటర్లు ఆకాశంలోకి వచ్చేశాయి. నాగులకుంటలో లేచిన విమానం పావుగంటలో బొమ్మరాజుపల్లెలో దిగింది. దిగేసరికి దండలు రాలేదు, బ్యాండు మేళం రాలేదు, రిబ్బను కత్తిరించాల్సిన నాయకుడు ఇంకా స్నానాల గదిలో ఉన్నాడు. నూటయాభై కిలోమీటర్లకు ముప్పావుగంట కదా అని అందరూ ఆ లెక్కనే వస్తున్నారు. మర్నాడే ఉత్తర్వు వెలువడింది: "నిర్ణీత సమయానికి ముందే గమ్యస్థానం చేరుట తీవ్రమైన సమయపాలనా లోపంగా పరిగణించబడును. విమాన చోదకులు అధికారిక దూరాన్ని పూర్తిగా ప్రయాణించిన మీదటనే దిగవలెను."

రెండోసారి ఓబుళేసు స్వయంగా విమానంలో కూర్చున్నాడు, ఎట్లా జరుగుతుందో చూడమని పైనుంచి ఆజ్ఞ. పక్క సీట్లో తిమ్మక్క అనే ముసలామె. బొమ్మరాజుపల్లెలో కూతురికి నలతగా ఉందని తెలిసి, కొడుకు టికెట్టు కొనిస్తే ఎక్కింది. రెండూళ్ళకూ సరిగ్గా నడుమ గాలిమరల మిట్ట ఉంది. విమానం ఆ మిట్ట చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మొదటి చుట్టుకు తిమ్మక్క కిటికీలోంచి కిందికి చూసి, "అదో, మా మిద్దె" అని సంబరపడింది. మిట్ట పక్కనే వాళ్ళ పల్లె. రెండో చుట్టుకు, "కోడలు మిద్దె మీద మిరక్కాయలు ఎండబోసింది" అంది. మూడో చుట్టుకు ఆమె మొహం మారింది.

"నాయనా, పడమట మోడం పట్టింది. ఆ యమ్మ యాడుందో, మిరక్కాయలు ఎత్తలా. ఈ ఇమానం కొంచెం ఆపితే కేకేసి వస్తా."

"ఆపేకి కాదు అవ్వా."

"ముందుకేమో పోదు, ఆపేకేమో కాదు. ఇదేం బండి నాయనా" అంది తిమ్మక్క, తప్పు పట్టకుండానే.

అదే సమయంలో పైలట్ గొంతు వినిపించింది. ప్రయాణికులకు స్వాగతమనీ, విమానం ప్రస్తుతం నాగులకుంటకు నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్నదనీ, వాతావరణం ఆహ్లాదకరంగా ఉన్నదనీ. తిమ్మక్క మిద్దె నాలుగోసారి కిటికీలోకి వచ్చింది. వాన మొదలైంది. మిరపకాయలు తడుస్తుండగా ఆమె చూస్తూ కూర్చుంది, ఓబుళేసు ఆమె వైపు చూడలేక విమానంలో పంచిన పిప్పరమెంటు కాగితం వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆకాశం సర్దుబాటయ్యాక చూపు రోడ్డు మీద పడింది. విమానం ముప్పావుగంటకు దిగుతోంది, ఎక్కేముందు తనిఖీలకు ఇంకో గంట. బస్సేమో గంటా పావుకే ఊళ్ళో దించుతోంది. ఇది విమానయానం పట్ల ప్రజల్లో చులకన భావం కలిగించగలదని ఒక సమీక్షా సమావేశంలో తీర్మానించారు. పైగా నూటయాభై కిలోమీటర్లను గంటా పావులో లాగించే బస్సు గంటకు నూటఇరవై వేగంతో పోతున్నట్టు లెక్క. కండక్టరు మౌలాలి మెమో కాగితం చేత్తో ఊపుకుంటూ ఓబుళేసు దగ్గరికి వచ్చాడు.

"ఏంది సార్ ఇది? మా బండి ఎద్దులబండిని దాటాలంటేనే మూడుసార్లు హారన్ కొట్టాల. నూటిరవై మీద పోతాండామంట. డ్రైవరన్న ఈ కాగితానికి పటం కట్టించుకుంటానంటాండాడు."

పటం కట్టించుకునే లోపలే పరిష్కారం వచ్చింది. గాలిమరల మిట్ట దగ్గర రేకుల షెడ్డు వేసి, దానికి 'కాల సర్దుబాటు కేంద్రం' అని బోర్డు పెట్టారు. రెండు వైపుల నుంచి వచ్చే బస్సులూ అక్కడ రెండున్నర గంటలు ఆగాలి. ఆ తర్వాత రోడ్ల శాఖవాళ్ళు వచ్చి కిలోమీటరు రాళ్ళు కొత్తగా పాతారు. ఒకటి ఉన్నచోట మూడు. పొద్దున చెంబు పట్టుకుని బయటికి వెళ్ళొచ్చినవాడు కూడా మూడు కిలోమీటర్లు నడిచొచ్చానని డాక్టరుకు చెప్పుకోసాగాడు. డాక్టరు కూడా రాసుకోసాగాడు.

ఇంతవరకూ ఓబుళేసు తనకేమీ కానట్టే చూస్తూ వచ్చాడు. తనకూ ఒక కాగితం వచ్చింది. "మీ నివాసము మీ కార్యాలయమునకు నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నట్లు మీరే ధ్రువీకరించి ఉన్నారు. ఇది అరవై కిలోమీటర్ల పరిమితికి విరుద్ధము. తక్షణమే నాగులకుంటలో నివాసము ఏర్పరచుకొనవలెను."

నాగులకుంట బజారులో ఒక పిండిమర పైన గది తీసుకున్నాడు. ఆ రాత్రి హోటల్ ఇడ్లీ పొట్లం విప్పుకుని మల్లీశ్వరికి ఫోన్ చేశాడు.

"నేను చెప్తిని కదా, రోడ్డు మీదికి రానీయద్దని" అంది ఆమె. "రోడ్డు దాటుకుని ఇంట్లోకే వచ్చె."

కింద పిండిమర ఆడుతోంది.

"సంగటి చేసినావా?" అని అడిగాడు.

"ఒక్కదానికి ఏం చేసుకుంటాం. అటుకులు తిన్యా."

ఆ మాటకు ఓబుళేసు ఇడ్లీ పొట్లం మళ్ళీ కట్టేశాడు. మళ్ళీ పదేళ్ళ కాపురం మొదలైందనుకున్నాడు.

ఆఫీసులోని గుమాస్తా ఒక దారి చూపించాడు. భార్యాభర్తలు నూరు కిలోమీటర్లకు మించిన దూరంలో పనిచేస్తుంటే స్పౌజ్ కేసు కింద ఒకరిని ఇంకొకరి దగ్గరికి బదిలీ చేయాలి. యాభై కిలోమీటర్లుండగా పనికిరాని ఆ రూలు ఇప్పుడు చక్కగా పనికొస్తుంది. మల్లీశ్వరికి ఫోన్లో చెబితే ఆమె ఒక నిమిషం లెక్క చూసుకుంది. "యాభై అయితే కలిసుండనిచ్చిరి. నూటయాభై చేసి విడదీసిరి. విడిపోయినారు కాబట్టి కలుపుతామంటాండారు. బాగుంది, పెట్టండి అప్లికేషను."

పెట్టాడు. ప్రభుత్వంలో దయగలవాళ్ళు లేరని ఎవరన్నారో గానీ, అనుమతి వారం తిరక్కుండా వచ్చింది. అక్కడి మేనేజరును ఇక్కడికీ, ఓబుళేసును బొమ్మరాజుపల్లెకూ మార్చారు. తక్షణం చేరాలి. ఆయన ఎగిరి గంతేసినంత పనిచేసి మల్లీశ్వరికి ఫోన్ కొడితే బిజీ. మళ్ళీ కొడితే మళ్ళీ బిజీ. ట్రంకుపెట్టె సర్దుకుని మధ్యాహ్నం బస్సెక్కాడు. బస్సు గాలిమరల మిట్ట మీద కాలం సర్దుకోవడానికి ఆగింది. ఎదుటి వైపు బస్సు అప్పటికే ఆగి ఉంది. దాని మెట్ల దగ్గర, ట్రంకుపెట్టె మీద, ఒళ్ళో తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం పెట్టుకుని మల్లీశ్వరి కూర్చుని ఉంది.

"నీ ఫోన్ బిజీ వస్తాంది" అన్నాడు ఓబుళేసు.

"మీకే చేస్తాంటి" అంది మల్లీశ్వరి.

ఓబుళేసు బదిలీ ఉత్తర్వుకు ఒక ప్రతి సమాచారం నిమిత్తం విద్యాశాఖకు వెళ్ళింది. భార్యాభర్తల కేసు అని చూడగానే విద్యాశాఖవారి మనసు కరిగింది. మేం మాత్రం తక్కువ తిన్నామా అని, ఎవరూ అడగకుండానే ఆమెను నాగులకుంట హైస్కూలుకు మార్చేశారు. ఆమె కూడా తక్షణం చేరాలి. ఇద్దరికీ ఇక మూడేళ్ళ వరకు బదిలీ అడిగే హక్కు లేదు.

మౌలాలి ఇద్దరి ఉత్తర్వులూ చదివి, బస్సు చక్రానికి ఆనుకుని తలకాయ పట్టుకున్నాడు. "సార్, మేడం, ఒక మాట చెప్తా. బస్సులు ఈడ రెండున్నర గంటలు నిలబడతాయి. రోజూ సాయంత్రం మీరు అట్నించి రాండి, మేడం ఇట్నించి వస్తాది. కూర్చోని తినండి. బండ్లు కదిలేటప్పుడు మీ ఊరికి పోయేది మీరు, ఆమె ఊరికి పోయేది ఆమె ఎక్కిపోండి. రూలు ఏమంటాదో మీరే చూసుకోండి."

రూలు ఏమీ అనలేదు. ప్రయాణంలో ఉన్న ఉద్యోగికి నివాస నిబంధన వర్తించదు. ఆ సాయంత్రం నుంచి వాళ్ళ కాపురం కాల సర్దుబాటు కేంద్రంలో మొదలైంది. నాగులకుంటలో పిండిమర పైన గదిలో దిగిన మల్లీశ్వరి క్యారియర్లో సంగటి తెచ్చేది. ఓబుళేసు బొమ్మరాజుపల్లె ఇంటి పెరట్లో కాసిన వంకాయలు తెచ్చేవాడు, మర్నాటి కూరకు. రేకుల షెడ్డులో బెంచీ మీద ఎదురెదురుగా కూర్చుని, ఆమె పిల్లల లెక్కల తప్పులు చెప్పి తిడుతుంటే ఆయన వింటూ తినేవాడు. నెత్తి మీద విమానం చుట్లు తిరుగుతూ ఉండేది. వాళ్ళను చూసి మిగతా ప్రయాణికులూ ఇళ్ళ నుంచి క్యారియర్లు తేసాగారు. తిమ్మక్క కోడలు బోండాల అంగడి పెట్టింది, తడిసిన మిరపకాయల కారంతోనే చట్నీ చేసిందని గిట్టనివాళ్ళు అనేవారు. ఒక మంగలాయన కుర్చీ వేశాడు. మంచాలు అద్దెకిచ్చేవాళ్ళొచ్చారు. మిట్ట సాయంత్రమైతే సంతలాగా ఉండేది.

కమిషనర్ సత్యప్రసాద్ గారు ఒక సాయంత్రం విమానంలో చుట్లు తిరుగుతూ కిందికి చూశారు. మర్నాడు బొమ్మరాజుపల్లెలో ఓబుళేసును పిలిపించారు.

"నడుమ ఒక మిట్ట మీద వందలాది ప్రయాణికులు ప్రతి సాయంత్రమూ ఆకాశం వైపు చూస్తూ నిరీక్షిస్తున్నారు. అంత గిరాకీ గల చోట విమానాశ్రయం లేకపోవుట శోచనీయం."

"వాళ్ళు బస్సు కోసరం కూర్చోనుండారు సార్."

"అది వారి అవగాహనా లోపం. అక్కడ మూడో విమానాశ్రయం మంజూరైంది. అయితే ఒక చిక్కు. మిట్టకు ఇటు నూటయాభై, అటు నూటయాభై ఉండవలెను కదా. కాబట్టి ఈ రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని మూడువందలకు పెంచుతున్నాం. ఆ రేకుల షెడ్డు తీసేస్తాం, రన్‌వేకు అడ్డం. బస్సులు ఎవరి ఊరి పొలిమేరలో అవే, చెరో ఆరుంపావు గంటలు ఆగి బయలుదేరుతాయి. ఎప్పటిలాగే మీరు ధ్రువీకరిస్తే చాలు. మీకు ఈసారి డిప్యూటీ కమిషనర్ హోదా." కమిషనర్ గారు తమ సొంత పెన్ను మూత తీసి అందించారు.

ఓబుళేసు పెన్ను తీసుకున్నాడు. 'రెండు ఊళ్ళ మధ్య దూరము' అని అచ్చయి ఉంది, పక్కన ఖాళీ. పోయినసారి ఇట్లాంటి ఖాళీలోనే తన సంగటి, తన ఇల్లు, ముసలామె మిరపకాయలు అన్నీ పోశాడు. ఇప్పుడు మిగిలింది ఒక రేకుల షెడ్డు, ఒక బెంచీ. ఆయనకు కోపం రావడం అలవాటు లేదు కాబట్టి, వచ్చింది కోపమని గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. గుర్తుపట్టాక ఖాళీలో 'యాభై' అని రాసి సంతకం పెట్టాడు.

కమిషనర్ గారు చదివి, మళ్ళీ చదివి, "ఏమిటిది?" అన్నారు.

"దూరం సార్."

"ఇది రికార్డుకు పూర్తిగా విరుద్ధం."

"ఔ సార్. ఊర్లకు మాత్రం సరిగ్గా ఉంది."

"తప్పుడు దూరాన్ని ధ్రువీకరించిన అధికారి మీద ఏ చర్య తీసుకుంటారో మీకు తెలుసా?" అన్నారు కమిషనర్ గారు. అంత నమ్మకస్తుడు ఇట్లా చేస్తాడని ఆయన అనుకోలేదు, నిజంగానే బాధపడ్డారు. ఆయన బల్ల మీద గుద్ది స్టెనోను పిలిచారు. అధికారిక దూరాన్ని బాహాటంగా ధిక్కరించినందున, డిప్యూటీ హోదా రద్దు, రెండు ఇంక్రిమెంట్ల కోత, మూడో విమానాశ్రయం ప్రతిపాదన విచారణ ముగిసే వరకు నిలుపుదల. వీటన్నిటినీ మించి, మూడేళ్ళ నిషేధంతో నిమిత్తం లేకుండా, శిక్షాత్మక బదిలీ: శాఖ పరిధిలో ప్రస్తుత స్థానానికి అత్యంత దూరంగా ఉన్న విమానాశ్రయానికి.

స్టెనో రిజిస్టరు తెరిచాడు. శాఖ పరిధిలో ఉన్నవే రెండు విమానాశ్రయాలు. బొమ్మరాజుపల్లెకు అత్యంత దూరం, నూటయాభై కిలోమీటర్లు, నాగులకుంట.

ఆ సాయంత్రం ఓబుళేసు ట్రంకుపెట్టెతో మిట్ట మీద దిగాడు. మల్లీశ్వరి అప్పటికే బెంచీ మీద క్యారియర్ విప్పుతోంది. పెట్టె చూసి ఆమె చేయి ఆగిపోయింది.

"మళ్ళా యాడికి?"

ఓబుళేసు కాగితం ఇచ్చాడు. ఆమె ధిక్కారం అనే మాట దగ్గర ఒకసారి మొగుడి మొహం చూసింది, ఆ మొహంలో అంతకుముందు ఎప్పుడూ చూడనిది ఏదో ఉన్నట్టు. కోతల దగ్గర పెదవి విరిచింది. ఊరి పేరు దగ్గరికి రాగానే గబగబా కాగితం తిప్పి, కిందిభాగంలో ప్రతులు ఎవరెవరికి పంపారో వేలు పెట్టి చదివింది. ఖజానా అధికారికి. బస్సు డిపో మేనేజరుకు. కాల సర్దుబాటు కేంద్రం ఇన్‌చార్జికి.

"విద్యాశాఖకు పోలేదు కదా?"

"పోలేదు. నేనూ నాలుగుసార్లు చూసినా."

ఆమె కాగితం మడిచి లెక్కల పుస్తకంలో పెట్టి, పుస్తకం సంచిలో పెట్టి, సంచి ఒళ్ళో పెట్టుకుంది. మౌలాలి అటుగా వచ్చి ట్రంకుపెట్టె చూసి, "ఏం సార్, మళ్ళీ పంపినారా? ఎంత దూరం ఈతూరి?" అని జాలిగా అడిగాడు.

ఓబుళేసు నోరు తెరిచేలోపల లెక్కల టీచరే జవాబు చెప్పింది.

"నూటయాభై కిలోమీటర్లు మౌలాలీ" అంది మల్లీశ్వరి. "ఒక్కటి కూడా తక్కువ కాదు. ఆ పెట్టె మా బస్సులోకి ఎక్కించు."